సగటు గీత మీద ఒక్క ఎల్ఈడీ లేదు

ఆ మధ్య బాచుపల్లిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు పిలిచి, మోడలింగ్ పని గురించి పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. మంచి మాటలు నాకు అంతగా రావు. ఉన్న మాట చెప్పడం మొదలుపెడితే సగంలోనే టీ వచ్చింది, ఆ వెంటనే శాలువా వచ్చింది. చెప్పకుండా మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. అవి అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చాయి, కాస్త ఆలస్యంగా.

చీకటి గది

తొంభైల చివరి సంవత్సరాలు. మాదాపూర్ అప్పటికింకా సగం బండరాళ్లే. వాటి మధ్య అద్దాల మేడలు లేస్తున్నాయి. అలాంటి ఒక మేడలో మా కంపెనీ రెండు అంతస్తులు తీసుకుంది. వెలుతురు కోసమని అంత ఖర్చు పెట్టి కట్టిన మేడలో కిటికీలకు నల్ల కాగితం అంటించుకుని కూర్చున్నది మేం ముగ్గురమే. ఎండ పడితే మా కొలతలు చెడిపోయేవి. ఆఫీసులో నా వెనక నన్ను ‘చీకటి మేడం’ అనేవారు. నాకు తెలియదనుకునేవారు.

పని ఏమిటో చెబుతాను. ఎల్ఈడీ అంటే కరెంటు ఇస్తే వెలుగుతుంది, ఆపితే ఆరిపోతుంది అని అందరూ అనుకుంటారు. ఆ మాట నిజం కాదని చెప్పడమే నా ఉద్యోగం. కరెంటు రెట్టింపు చేస్తే వెలుగు రెట్టింపు కాదు. వేడెక్కితే వెలుగు తగ్గుతుంది. ఇచ్చిన క్షణంలో పూర్తిగా వెలగదు, ఆపిన క్షణంలో పూర్తిగా ఆరదు, కాస్త నసుగుతుంది. ఇంట్లో దీపానికి ఆ నసుగుడు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. కానీ ఆ దీపాన్ని సెకనుకు లక్షల సార్లు వెలిగించి ఆర్పుతూ, దాని ద్వారా సమాచారం పంపాలంటే ఆ నసుగుడే కొంప ముంచుతుంది. ఎంత కరెంటు ఇస్తే, ఎంత వేడిలో, వెలుగు ఎలా లేచి ఎలా పడుతుందో ముందుగానే చెప్పే సమీకరణాలు రాయాలి. వాటినే మోడల్ అంటాం.

మా మోడల్ ఒక దవాఖాన కోసం. గుండె జబ్బుతో వార్డులో ఉన్న మనిషి ఒంటి నిండా వైర్లే. బాత్రూముకు వెళ్లాలన్నా సిస్టర్ వచ్చి వాటిని పీకాలి. రేడియో ద్వారా పంపితే పక్కనున్న యంత్రాలకు ఇబ్బందేమోనని అప్పట్లో భయం. అందుకని మేం రోగి ఛాతీ మీద చిన్న డబ్బా పెట్టి, అందులో ఒక ఎల్ఈడీ పెట్టి, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో గుండె కొట్టుకోవడాన్ని పైకప్పుకున్న పెట్టెకు పంపాలనుకున్నాం. మనిషి వార్డులో తిరిగినా పైకప్పు చూస్తూనే ఉంటుంది. వినడానికి ఎంత బాగుందో అంత కష్టమైన పని.

మా ముగ్గురిలో పెద్ద శేషగిరిరావు గారు. ప్రభుత్వ పరిశోధనశాలలో చాలాకాలం చేసి, చివర్లో ఈ ప్రైవేటు కంపెనీకి వచ్చారు. తెనాలి వైపు మనిషి. ఎవరినీ పొగిడేవారు కాదు, ఎవరినీ తిట్టేవారూ కాదు. పని నచ్చితే మన కాగితం మీద పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టేవారు. ఆ టిక్కు కోసం నేను పడిన యాతన నా పరీక్షలకు కూడా పడలేదు. రెండోవాడు యాదగిరి, సర్క్యూట్లు చేసేవాడు. పుట్టి పెరిగింది లింగంపల్లి అవతల. తమ పొలం పక్కనే ఇన్ని మేడలు లేస్తున్నా ఒక్కదాంట్లోనూ కిటికీ తెరుచుకోదని నవ్వేవాడు. నేను ఎస్తేరు, ఒంగోలు అమ్మాయిని. మియాపూర్‌లో కిరాయి గదిలో ఉండేదాన్ని.

ఏం పని చేస్తావని అడిగితే

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. ఇది ఒంటరి పని. సర్క్యూట్ చేసినవాడు దాన్ని చేతిలో పట్టుకుని చూపిస్తాడు. సాఫ్ట్‌వేర్ రాసినవాడు స్క్రీన్ చూపిస్తాడు. మోడల్ చేసినవాళ్లకు చూపించడానికి ఏమీ ఉండదు. మోడల్ సరిగ్గా ఉంటే ఎవరూ దాన్ని గుర్తు చేసుకోరు. తప్పితే మాత్రం మన పేరు కనుక్కుంటారు.

కింది అంతస్తులో వందల మంది రెండు వేల సంవత్సరం వస్తుందని కంప్యూటర్లలో తారీఖులు సరిచేస్తున్నారు. క్యాంటీన్‌లో ఒకమ్మాయి పక్కన కూర్చుని, "మీరు ఏ ప్లాట్‌ఫాం అండి?" అని అడిగింది. ఎల్ఈడీలు అన్నాను. "అది కొత్త లాంగ్వేజా? ఎక్కడ నేర్పిస్తున్నారు?" అంది ఆశగా. నేర్పించడం లేదన్నాను. మర్నాడు వేరే బల్ల దగ్గర కూర్చుంది.

ఆదివారం చర్చిలో పాస్టరమ్మ గారు అడిగారు. వెలుగు మీద పని చేస్తున్నానన్నాను. చాలా సంతోషపడ్డారు.

"ఎంత వెలుగమ్మా? మన హాలుకు సరిపోద్దా?"

"కంటికి కనపడదండి."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని కాసేపు ఆలోచించి, "పోనీలేమ్మా, జీతమైతే ఇస్తున్నారుగా" అన్నారు.

ఆ తర్వాత ఎవరడిగినా కంప్యూటర్లు అనడం అలవాటైపోయింది. అలా అన్నప్పుడల్లా నేను కాస్త తగ్గిపోయినట్టు ఉండేది. గదికి వచ్చి అన్నం వండుకుని, రేడియో పెట్టుకుని తినేదాన్ని. ఆ మహానగరంలో నా పని ఏమిటో తెలిసినవాళ్లు ఇద్దరే ఇద్దరు. వాళ్లిద్దరూ ఆ చీకటి గదిలోనే ఉండేవారు. అందుకే సెలవు రోజులంటే నాకు ఇష్టం ఉండేది కాదు.

సగటు తియ్యడం

రావు గారికి ఒక పద్ధతి ఉండేది. ఒక్క ఎల్ఈడీని కొలిచి మోడల్ రాస్తే ఆయన ఒప్పుకునేవారు కాదు. "ఒక్క సాక్షి మాట కోర్టులో చెల్లదమ్మా" అనేవారు. ఒక పెట్టెలోంచి చాలా ఎల్ఈడీలు తియ్యాలి, ఒక్కోదాన్నీ కొలిచి దాని వెలుగు లేచి పడే తీరును గ్రాఫు మీద గీతగా గీయాలి, అన్నిటి గీతల్నీ కలిపి సగటు తియ్యాలి, ఆ సగటు గీతకు సమీకరణం అతకాలి. కొలతల్లో దొర్లే చిన్నచిన్న తేడాలు సగటులో కొట్టుకుపోతాయి, నిజం మిగులుతుంది. ఆయన ప్రభుత్వ పరిశోధనశాలలో అలాగే చేశారు, మేమూ అలాగే చేశాం. దేశంలో మా పని చేసేవాళ్లంతా దాదాపు అలాగే చేసేవారు.

నా సగటు గీత చూడముచ్చటగా వచ్చింది. నున్నగా లేచి, నున్నగా పడింది. సమీకరణం దాని మీద చక్కగా కూర్చుంది. రావు గారు పెన్సిలు తీసి టిక్కు పెట్టారు. ఆ కాగితాన్ని నేను మియాపూర్ గదికి తీసుకెళ్లి అద్దం పక్కన అంటించుకున్నాను. ఇవాళ నవ్వొస్తుంది గాని, ఆ రోజు నేను ఆ ఊళ్లో అందరికన్నా సంతోషంగా ఉన్నాను.

ఆ గీత ఆధారంగా యాదగిరి సర్క్యూట్ చేశాడు. నసిగే ఎల్ఈడీకి మొదట్లో కాస్త ఎక్కువ కరెంటు కొడితే చురుగ్గా లేస్తుంది, మొండికేసిన బండిని మొదట గట్టిగా తోసినట్టు. ఎంత తొయ్యాలో నా మోడల్ చెబుతుంది. యాదగిరి అంతే తోశాడు. డబ్బాలు తయారయ్యాయి.

దవాఖానకు పంపేముందు మా మేడలోనే ఒక ఖాళీ హాలులో వాటిని పరీక్షించాం. కొన్ని డబ్బాలు అద్భుతంగా పలికాయి, పంపిందంతా పైకప్పు పెట్టెకు అందింది. కొన్ని నత్తినత్తిగా పలికాయి. మధ్యస్థంగా ఒక్కటీ లేదు. యాదగిరి పైకప్పు పెట్టెను అనుమానించి దాన్ని ఊడదీశాడు. నేను నా గీతల దగ్గరకు వెళ్లాను.

రెండు గుంపులు

సగటు తీశాక విడి గీతల్ని మళ్లీ చూసే అలవాటు మాకు లేదు. వాటి పని అయిపోయిందనుకునేవాళ్లం. ఈసారి అన్నిటినీ ఒకే కాగితం మీద గీయించాను. సగం గీతలు పైన గుంపుగా ఉన్నాయి, సగం కింద గుంపుగా ఉన్నాయి. నా అందమైన సగటు గీత రెండు గుంపుల మధ్య ఖాళీలోంచి వెళ్లింది. దాని మీద ఒక్క ఎల్ఈడీ కూడా లేదు. నేను చాలా నెలలుగా లేని వస్తువును గురించి సమీకరణాలు రాస్తున్నానన్నమాట.

కారణం తర్వాత తెలిసింది. ఒకే పేరుతో, ఒకే పెట్టెలో రెండు రకాలు వచ్చాయి. రెండు చోట్ల తయారైనవి. ఒక రకంలో లోపలి ముక్క పెద్దది, అవి నెమ్మదిగా లేస్తాయి. ఇంకో రకంలో ముక్క చిన్నది, అందుకే చురుకు. నత్తి డబ్బాల్లో ఉన్నవి పెద్ద ముక్కలు. బాగా పలికిన డబ్బాల్లో ఉన్నవి చిన్న ముక్కలు. నన్ను భయపెట్టినవి ఈ రెండోవే. అంత చిన్న ముక్క యాదగిరి తోపును తట్టుకోదు. కొన్నిటిని ఆపకుండా వెలిగించి చూస్తే వాటి వెలుగు రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది. ఇవాళ చక్కగా పలికే డబ్బా రేపెప్పుడో ఒక రోగి ఛాతీ మీద చడీచప్పుడు లేకుండా మూగబోతుంది. కంటికి కనపడే వెలుగైతే మసకబారిందని సిస్టరైనా గమనిస్తుంది. ఇది కనపడదు కదా.

యాదగిరికి చెప్పాను. అతను స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి చాలాసేపు గీతల్ని చూశాడు.

"మంచిగ పలికేటివే కరాబ్ అయితయంటరు. గంతేనా?"

"అవునండి."

"గిట్ల పైన చెప్తే ఏమైతదో ఎరికేనా మేడం? మన రూం బంద్ చేస్తరు. ఇప్పటికే పైసలు దండుగ అంటున్రు. మీరు కింద తారీఖులు దిద్దుకుంట కూసుంటరు. నేను ఎటు పోవాలె?"

"చెప్పకపోతే వార్డుకు వెళ్లిపోతాయి కదండి."

"జర టైం ఇయ్యున్రి. రెండు రకాలకు రెండు సర్క్యూట్లు చేస్త."

"ఎప్పటికి?"

అతను మళ్లీ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. దవాఖానకు ఇచ్చిన తారీఖు దగ్గరకొచ్చేసిందని ఇద్దరికీ తెలుసు. నేను కాగితం తీసుకుని రావు గారి గదికి వెళ్లాను. ఆ రోజు నుంచి యాదగిరి నాతో మాట్లాడలేదు. ఒకే గదిలో, ఒకే చీకట్లో, మీటరు కావాలంటే చేత్తో చూపించేవాడు. నా పని తెలిసిన ఇద్దరిలో ఒకరు దూరమయ్యారు. బస్సులో ఏడుపొచ్చేది. ఎవరైనా చూస్తారని కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని.

మీలో ఎవరికైనా ఈ పరిస్థితి వస్తుంది. నిజం చెబితే గౌరవిస్తారని పుస్తకాల్లో రాస్తారు. ముందు మాత్రం మాట్లాడ్డం మానేస్తారు. దానికి సిద్ధపడి చెప్పండి.

రావు గారి బేరం

రావు గారు గీతలు చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సగటు తియ్యమన్నది ఆయనే. ఆ మాట ఆయన మొహంలో కనిపించింది. పెన్సిలు ముట్టుకోలేదు.

డైరెక్టరు గారితో మీటింగు పెట్టించి, దానికి ముందు మా ఇద్దరినీ పిలిచారు.

"ఆయన మొదట అడిగేది తప్పు ఏంటని కాదు, ఎవరిదని. నాదంటాను. మోడల్ నేనే చేశాను, ఈ అమ్మాయి లెక్కలు టైపు చేసింది, యాదగిరి నేను చెప్పినట్టు సర్క్యూట్ చేశాడు. అంతే. మీరిద్దరూ తలొంచుకుని కూర్చోండి."

"అదెలాగండి?" అన్నాను.

"నాకింకెంత సర్వీసుంది గనకమ్మా. ఇంటికెళ్లి పేపరు చదువుకుంటాను. మీరు చిన్నవాళ్లు. ఒకసారి పేరు పాడైతే ఈ ఊళ్లో ఇంకో చోట అడుగుపెట్టనివ్వరు. కింది ఫ్లోరులో మీకు సీట్లు కూడా అడిగి ఉంచాను."

యాదగిరి తల ఊపాడు. నేనూ ఊపాను. ఆయన మంచితనానికి దణ్ణం పెట్టాలి. కానీ నిజం చెబుతాను, నాకు కృతజ్ఞత కలగలేదు. దొంగలు పడి దోచుకున్నట్టు అనిపించింది. ఆ ఊళ్లో నా గది కిరాయిది. మంచం ఓనరమ్మది. చర్చిలో నేను కంప్యూటర్ల అమ్మాయిని. నాదంటూ ఉన్నది ఆ మోడల్ ఒక్కటే. అది తప్పుది, నిజమే. అయినా నాది. అది కూడా నాది కాకపోతే, ఇన్నాళ్లూ ఆ చీకటి గదిలో కూర్చున్నది ఎవరు?

నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది, కింద సీటు ఉంటుంది, మోడల్ చేసిన మనిషి మాత్రం ఉండదు. నోరు విప్పితే మనిషి ఉంటుంది, మిగతావి పోతాయి. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, తినకుండానే మూతపెట్టేశాను.

ఎవరిది

డైరెక్టరు గారు చెడ్డవాడు కాదు. దవాఖానకు మాటిచ్చి ఇరుక్కుపోయిన మనిషి. రావు గారు అంతా వివరించాక ఆయన అన్నాడు, "లుక్, సగం బాక్సులు బాగానే పనిచేస్తున్నాయి కదా. అవి ఏరి పంపించేద్దాం. మిగతావి నెక్స్ట్ క్వార్టర్ చూసుకుందాం."

"ఆ సగమే పాడవుతాయండి. నత్తివి నత్తిగానైనా బతుకుతాయి" అన్నారు రావు గారు.

"ష్యూరా?"

"ష్యూరే. అవి వార్డుకు వెళ్లకూడదు."

డైరెక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలాడు. రావు గారు ముందే ఊహించినట్టు అడిగాడు.

"ఈ మోడల్ ఎవరిది?"

"నాదండి" అన్నారు రావు గారు.

తలొంచుకునే ఉన్నాను. బల్ల మీద నా చేతులు కనబడుతున్నాయి. లేచి నిలబడ్డానని నిలబడ్డాకే తెలిసింది.

"కాదండి. నేను చేశాను. కొలిచింది నేను, సగటు తీసింది నేను, సమీకరణం నాది. రావు గారు టైపు అని చెబుతారు, టైపు కాదండి."

"ఎస్తేరూ, కూర్చో" అన్నారు రావు గారు. అమ్మా అనకుండా నన్ను పిలవడం అదే మొదలు. ఆయన గొంతులో కోపం లేదు, భయముంది. అయినా కూర్చోలేదు. నా జీవితంలో నేను ఇంత ఒంటరిగా ఎప్పుడూ లేనని అప్పుడు అనిపించింది. మంచి చెయ్యబోయిన మనిషి మాట తోసేశాను. పక్కనున్న మనిషి నాతో మాట్లాడ్డం మానేశాడు.

అప్పుడు నా పక్కన కుర్చీ జరిగిన చప్పుడైంది. యాదగిరి లేచాడు. డైరెక్టరు గారిని చూడకుండా గోడను చూస్తూ మాట్లాడాడు.

"సర్క్యూట్ నాది సార్. మోడల్ చెప్పింది గదా అని ఒక్కొక్క ఎల్ఈడీ పెట్టి చూడలే నేను. గది మేడం పని కాదు, నా పని. నత్తి డబ్బాలు చూసినంక గూడ పైకప్పు పెట్టెదే తప్పన్న. ఇది నాది గూడ."

ముగ్గురిలో ఇద్దరం నిలబడి ఉన్నాం. డైరెక్టరు గారు ముగ్గురినీ మార్చిమార్చి చూశాడు.

"ఏంటండీ ఇది, వేలంపాటా?" అన్నాడు.

రావు గారు కళ్లజోడు తీశారు. "తిలాపాపం తలా పిడికెడు అంటారు కదండీ. ఎవరి పిడికెడు వాళ్లకిచ్చెయ్యండి" అని ఆయన కూడా లేచి నిలబడ్డారు.

డబ్బాలు వార్డుకు వెళ్లలేదు. గది మూసేశారు. రావు గారు తెనాలి వెళ్లిపోయారు. యాదగిరి బెంగుళూరులో చేరాడు. నన్ను ఎందుకో ఉంచారు. కింది అంతస్తులో తారీఖులు దిద్దాను. చుట్టూ వందమంది ఉండగా, ఆ చీకటి గదిలో ఉన్నప్పటికన్నా ఒంటరిగా ఉన్నాను. మొదట్లో యాదగిరి ఫోన్ చేసేవాడు. "ఫికర్ చెయ్యకున్రి మేడం, మళ్ల కలిసి చేద్దాం" అనేవాడు. తర్వాత పండగలకు చేసేవాడు. తర్వాత నంబర్లు మారిపోయాయి. రావు గారు పోయారన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా, వేరే మాటల మధ్యలో తెలిసింది.

కొన్నేళ్లకు మళ్లీ ఎల్ఈడీల దగ్గరకు వచ్చాను. రిటైరయ్యేదాకా అదే పని చేశాను. మీకు పని సంబంధమైన సలహా కావాలంటే ఇది: సగటు తీసే ముందు విడి గీతల్ని చూడండి, తీశాక మళ్లీ చూడండి. ఇది ఇప్పుడు ఏ పుస్తకంలోనైనా ఉంటుంది.

పుస్తకంలో లేనిది ఒకటుంది. తర్వాత నా మోడళ్లు చాలా పలికాయి. పలికిన ప్రతిసారీ నాది, నాది అని లేచినవాళ్లతో గది నిండిపోయేది. కొన్ని తప్పాయి కూడా. తప్పినప్పుడు లేచి నిలబడి నాదని చెప్పేదాన్ని. చెప్పి, వెంటనే కూర్చునేదాన్ని కాదు. పక్కన కుర్చీ జరుగుతుందేమోనని కాసేపు అలాగే ఉండేదాన్ని. ఉద్యోగం చివరి రోజు వరకూ అలాగే చేశాను. ఎవరూ లేవలేదు.